పన్నెండు ముక్కల మైనం ముద్ద

ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే హీటరు పెంచాలా, ఇంకో స్వెట్టరు తొడుక్కోవాలా అన్న ప్రశ్నే మా ఇంట్లో ఉండేది కాదు. స్వెట్టరే. ఇంకా చలేస్తే దాని మీద మరొకటి. ఇప్పుడు షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో గోడ మీద ఒక గాజు బిళ్ళ ఉంది. దాన్ని వేలితో తడితే ఇల్లంతా వేసవికాలం అయిపోతుంది, జనవరిలో పొట్టి లాగులు వేసుకుని తిరుగుతారు. నేను ఎవరూ చూడకుండా దాన్ని కాస్త తగ్గిస్తూ ఉంటాను. (అల్లుడికి తెలుసు. పైకి అనడు. మంచివాడు.) ఈ సంగతంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న సెలవులకి వచ్చిన మా మనవరాలు సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఒక చేత్తో ఫోను నొక్కుతూ, ఇంకో చేత్తో చిప్స్ తింటూ, వాళ్ళ కాలేజీ క్లబ్బు మంచు ప్రయాణానికి ఏర్పాట్లన్నీ చేసేసింది. బస్సు, బస, స్కీలు, తిండి, సమస్తం. చిప్స్ పొట్లం ఖాళీ అయ్యేసరికి ప్రయాణం సిద్ధం. "అంతేనా?" అన్నాను. "అంతే అమ్మమ్మా. డన్. నీకు చిప్స్ కావాలా?" అంది. నాకు నవ్వొచ్చింది. అలాంటి ప్రయాణానికే మేము ఒకప్పుడు నెల్లాళ్ళు ఏర్పాట్లు చేశాం. అందులో నా వంతు పని నేనెంత శ్రద్ధగా చేశానంటే, కొండ ఎక్కాల్సిన వాళ్ళంతా వెనక్కి జారిపోయారు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చదువు ఐదో తరగతి. ఆరో తరగతి బడి పక్క ఊళ్ళో ఉందని మాన్పించేశారు. మా ఆయన మిషిగన్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండేవారు. పొద్దున ల్యాబ్‌కి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. (అక్కడ చీకటి అయిదింటికే పడేది లెండి, అంత గొప్పగా చెప్పుకోవాల్సిన పనేం లేదు.) పెళ్ళయిన విద్యార్థులకి ఇచ్చే మూడంతస్తుల బిల్డింగులో మా కాపురం. కింద నేలమాళిగలో బట్టలుతికే మిషన్లు, వాటి పక్కన ఒక పొడుగాటి గది. ఆ గది గోడ వెంట వేడినీళ్ళ గొట్టాలు పోయేవి కాబట్టి అది ఎప్పుడూ వెచ్చగా ఉండేది. మన హీటరు తిప్పకుండా వెచ్చగా కూర్చునే చోటు దొరికితే నేను వదులుతానా? బట్టలు మిషన్లో పడేసి ఆ గుమ్మంలో కూర్చునేదాన్ని. అది విద్యార్థుల అవుట్‌డోర్ క్లబ్బు సామాన్ల గది అని తరవాత తెలిసింది. కొండలెక్కడం, పడవలు తొయ్యడం, మంచు మీద జారడం, ఇలాంటి పనిలేని పనులన్నీ జట్టుగా చేసే పిల్లలన్నమాట. గది మాత్రం పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన విడిదింటిలా ఉండేది. తడి గుడారాలు, చిక్కుపడ్డ తాళ్ళు, జత లేని మేజోళ్ళు. ఆ మేజోళ్ళలో ఒకదానికి బొటనవేలి దగ్గర పెద్ద చిల్లు. నేను చిరిగిన వస్తువుని చూస్తూ ఊరుకోలేను. పైకి వెళ్ళి సూదీ దారం తెచ్చాను.

మూడు రోజులకి మేజోళ్ళన్నీ కుట్టేసి, నాలుగో రోజు గుడారానికి మాసిక వేస్తుండగా క్లబ్బు పెద్ద దొరికిపోయింది. నేను దొరికిపోయానని రాయాలేమో. ఆవిడ నాకన్నా ఏడాది చిన్నదే గానీ, ద్వారబంధానికి తల తగులుతుందేమో అన్నంత పొడుగు. మేమిద్దరం మాట్లాడుకుంటే ఒకళ్ళకి మెడ నొప్పి, ఒకళ్ళకి నడుం నొప్పి. నేను మనసులో పొడుగుపిల్ల అని పేరు పెట్టుకున్నాను. ఆమె వెనకాల గడ్డం పెంచుకున్న కుర్రాడొకడు. వాడు గడ్డం.

"ఇవన్నీ కుట్టింది నువ్వేనా?" అంది పొడుగుపిల్ల. (వాళ్ళంతా ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళు. నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. నా ఇంగ్లీషు ఎలా ఉండేదో మాత్రం రాయను.)

"నేనే. చిల్లు పడితే పారేస్తారా ఎవరైనా?"

"మేమంతా పారేస్తాం" అన్నాడు గడ్డం.

"అందుకే మీ గది ఇలా ఏడుస్తోంది" అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు పొడుగుపిల్ల వచ్చి ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. జీతమేమీ లేదు, కాగితమేమీ లేదు. "ఇకనుంచి మా బాస్ నువ్వే" అంది. ఆనాటి నుంచీ అందరూ బాస్ అనే పిలిచేవారు. నేను ఆ తాళంచెవికి నల్లదారం కట్టి నడుం దగ్గర దోపుకున్నాను. మా ఆయన చూసి, "ఏమే, జమీందారిణివయ్యావా?" అని నవ్వారు. ఆయనకేం తెలుసు. అప్పటికి ఈ దేశంలో ఇల్లు ఆయన పేరు మీద, ఉత్తరాలు ఆయన పేరు మీద, నా వీసా కూడా ఆయన పేరు పట్టుకుని వేలాడుతోంది. నాదంటూ ఉన్నది ఆ తాళంచెవి ఒక్కటే.

దానికి గండం వచ్చి పడింది. యూనివర్సిటీ ఆఫీసు నుంచి చీపురు లాంటి మీసాలున్న పెద్దమనిషి ఒకాయన దిగాడు. రెండేళ్ళ కిందటి చలికాలం ప్రయాణంలో ఈ పిల్లలు ఒక మనిషిని కొండ మీదే మరిచిపోయి బస్సెక్కేశారట. (ఆ మనిషి గడ్డమే. వాడది గొప్పగా చెప్పుకునేవాడు.) ఆ మరుసటి ఏడు మనుషులందరూ వచ్చారు గానీ, సామాన్లలో సగం మంచులోనే ఉండిపోయిందట. మీసాలాయన గదిలో ఉన్న ప్రతి వస్తువునీ చూసి కాగితం మీద రాసుకుని, "ఇదే ఆఖరిసారి. ఎంతమంది వెళ్తారో అంతమంది, ఏం తీసుకెళ్తారో అవన్నీ, సాయంత్రానికి తిరిగి రావాలి. నేనూ మీతో వస్తాను, కాగితం చూసి సరిచూస్తాను. తేడా వస్తే ఈ గది మడతకుర్చీలు పెట్టుకోవడానికి ఇచ్చేస్తాం" అన్నాడు. మడతకుర్చీలు! నా చెయ్యి నడుం దగ్గరికి పోయింది.

ఇంక ఏర్పాట్లు మొదలయ్యాయి. గురువారం మధ్యాహ్నాలు అందరూ ఆ గదిలో నేల మీద కూర్చునేవాళ్ళు. పొడుగుపిల్ల గోడకి పెద్ద అట్ట తగిలించి రంగురంగుల పెన్సిళ్ళతో రాసేది. పదింటికి కొండ కింద దిగడం. పదీ ఇరవైకి స్కీలు తొడుక్కోవడం. పన్నెండింటికి కొండ మీద కర్రల ఇంటికి చేరడం, భోజనం. రెండింటి నుంచి స్లెడ్ల మీద, అదే చక్రాల్లేని జారుడు బళ్ళ మీద, కిందికి జారడం. మధ్యలో ఆయాసం తీర్చుకోవడానికి కూడా అయిదు నిమిషాలు రాసిపెట్టింది. ఆ అట్ట చూస్తే ముహూర్తాల పట్టీ గుర్తొచ్చేది నాకు. మిగతావాళ్ళు మాత్రం ఎవరు ఎంత జోరుగా జారతారు, ఎవరు ఎన్నిసార్లు పడతారు, ఇవే కబుర్లు. రెండు వారాలు విని ఇంక ఉండబట్టలేక నోరు విప్పాను.

"అది సరే, తడిసిన మేజోళ్ళు ఎక్కడ ఆరేస్తారు?"

అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారు.

"మధ్యాహ్నం ఏం తింటారు?"

"శాండ్‌విచ్" అన్నాడు గడ్డం ధైర్యంగా.

"రెండు గంటలు మంచులో ఉంటే అది ఇటుక అవుతుంది. తింటావా, దాంతో ఇల్లు కడతావా?"

పొడుగుపిల్ల నవ్వకుండా అట్ట మీద శాండ్‌విచ్ కొట్టేసి, దాని పక్కన 'బాస్' అని రాసింది. మేజోళ్ళ పక్కన బాస్. చేతిజోళ్ళ పక్కన బాస్. నెలాఖరుకి ఆ అట్ట మీద కొండా బస్సూ తప్ప అన్నీ నావే.

సామాను పోకుండా ఉండటానికి ఉపాయం కూడా నాదే. పేర్లు రాద్దామని వాళ్ళు. తడిస్తే సిరా కారిపోతుంది, పైగా ఆ పేర్లు నేను చదవాలంటే తెల్లారుతుంది. మా ఊళ్ళో చాకలి అక్షరమ్ముక్క రాకుండానే నలభై ఇళ్ళ బట్టలు ఒక్కటి మారకుండా తెచ్చిచ్చేది. గుర్తులు పెట్టేది కాబట్టి. ఒక ఇంటికి చుక్క, ఒక ఇంటికి రెండు గీతలు, ఒక ఇంటికి చేప. నేనూ అదే పని చేశాను. ఎర్రదారంతో ప్రతి చేతిజోడుకీ, మేజోడుకీ, స్కీ సంచీకీ గుర్తు కుట్టాను. పొడుగుపిల్లకి తాడిచెట్టు, గడ్డానికి దువ్వెన, ఎప్పుడూ ముక్కు కారే అమ్మాయికి కుండ. నాకు తాళంచెవి. మీసాలాయనకి కూడా క్లబ్బు చేతిజోళ్ళే ఇవ్వాలన్నారు. ఆయనకి ఏ గుర్తు కుట్టానో ఆయన చూడడులే అనుకున్నాను.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ప్రయాణం ముందురోజు పొద్దున్నే పిల్లలంతా క్లాసులకి పోయారు. అన్నీ సర్దడానికి నేనొక్కదాన్నే దిగాను. స్కీలు, అదే, కాళ్ళకి కట్టుకునే ఆ పొడుగాటి బద్దలు, గోడకి ఆనించి ఉన్నాయి. ఒకటి తీసి తిరగేసి చూద్దును కదా, అడుగున నడిమధ్యన బంకబంకగా, మురికి పట్టి, పనసకాయ కోసిన కత్తిపీటలా ఉంది. ఇంకోటి తీశాను. అదీ అంతే. అన్నీ అంతే. ఆఫీసు పెద్దమనిషి వచ్చి చూస్తాడంటే ఇలాగా పంపడం? పనస బంక దేనికి వదులుతుందో తెలుగు గడ్డ మీద పుట్టిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. వంటనూనె తెచ్చాను. పొదుపుగానే పోశాను గానీ, ఇరవై జతలు మరి. నూనె రాసి, నానబెట్టి, ఇనుప పీచుతో రుద్ది, వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచేసరికి ఒక్కొక్కటీ అద్దంలా తయారైంది. భోజనానికి వచ్చిన మా ఆయన మెట్ల మీంచి తొంగి చూసి, "నీకు తెలియని వస్తువుల జోలికి ఎందుకే? వాళ్ళని ఒక మాట అడక్కూడదూ?" అన్నారు. "గిన్నె తోమడానికి పీహెచ్‌డీ కావాలేంటండీ?" అన్నాను. ఆయన అన్నం తినడానికి పోయారు.

అక్కడితో ఆగినా బాగుండేది. సామాన్ల మధ్య ఒక రేకు పెట్టె ఉంది. తెరిస్తే అందులో మైనం ముక్కలు. అరిగిపోయిన కొసలు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి వంగపండు రంగు, ఒకటి ఎరుపు, ఇలా పన్నెండు. గోరంత గోరంత ముక్కలు, తలో కాగితంలో చుట్టి. నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో సబ్బు అరిగిపోతే ఆ బిళ్ళని కొత్త సబ్బుకి అతికించి వాడటమే గానీ పారేయడం ఎరగం. ఇన్ని ముక్కలు విడివిడిగా ఉంటే ఒకటి కాకపోతే ఒకటి మంచులో పోదూ? మీసాలాయన కాగితంలో ఇవి కూడా రాసుకున్నాడు, నేను చూశాను, పన్నెండు అంకె నాకు చదవడం వచ్చు. ఒక పాత రేకుడబ్బాలో పన్నెండూ వేసి, వేడినీళ్ళలో పెట్టి కరిగించి, చల్లారబెట్టాను. బెల్లం అచ్చులాగా కుంకుడుకాయ రంగులో చక్కటి ముద్ద తయారైంది. ఇంక పోదు. దాన్ని గుడ్డలో మూటగట్టి పెట్టెలో పెట్టి, ఇంతకన్నా ఒద్దికైన పని ఈ ఊళ్ళో ఎవరైనా చేస్తారా అనుకుంటూ పులిహోరకి చింతపండు నానబోశాను.

మర్నాడు బస్సులో గంటన్నర. చీర కింద మా ఆయన ప్యాంటు, పైన రెండు స్వెట్టర్లు, ఎవరిదో కోటు, తలకి మంకీ టోపీ, నాకు రెండింతలున్న బూట్లలో పాత న్యూస్‌పేపర్లు. నన్ను ఎవరూ రమ్మని బతిమాలలేదు. పులిహోర గిన్నె, చారు ఫ్లాస్కులు నా దగ్గరున్నాయి, గిన్నె ఎక్కడుంటే నేనక్కడ. ఎండ కాస్తోంది గానీ చలి ముక్కు కొరికేస్తోంది. పొడుగుపిల్ల అట్ట చంకలో పెట్టుకుని, "పదీ ఇరవై! సరిగ్గా సమయానికి ఉన్నాం!" అని మొహం వెలిగిపోతుండగా స్కీలు తొడుక్కుంది. ఇరవై మందీ వరసగా నిలబడ్డారు. కొండంటే మరీ కొండేం కాదు, ఏటవాలుగా పైకి పోయే తెల్లటి దారి. ఆమె కుడికాలు ముందుకు తోసింది. వెనక్కి వచ్చేసింది. ఎడమకాలు తోసింది. రెండు కాళ్ళూ కలిసి వెనక్కి వచ్చాయి. ఆమె వెనక గడ్డం, గడ్డం వెనక కుండ గుర్తు అమ్మాయి, అందరూ చేతికర్రలు మంచులో గుచ్చుకుంటూ, కొండవైపే చూస్తూ, మెల్లమెల్లగా వెనక్కి. గుళ్ళో దేవుడికి వీపు చూపించకూడదని వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చే భక్తుల్లాగా ఇరవై మంది మంచి మర్యాదగా నా వైపు వస్తున్నారు. అందరికన్నా ముందు మీసాలాయన వచ్చాడు. సరాసరి నా పులిహోర గిన్నెకి ఆనుకుని ఆగాడు.

పొడుగుపిల్ల కూర్చుని స్కీ తిరగేసింది. వేలితో రాసింది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"బాస్, ఇది వంటనూనె."

"కొంచెమే పోశాను" అన్నాను.

"ఇక్కడ జిగటగా ఉండాలి. అది మంచుని పట్టుకుంటుంది. అప్పుడే పైకి నడవగలం." ఆ పిల్ల గొంతు మెల్లిగానే ఉంది. "ఫరవాలేదు. మళ్ళీ రాసుకుందాం. మైనం పెట్టె ఇవ్వు."

ఇచ్చాను. మూట విప్పింది. బెల్లం అచ్చుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎంత చలి ఉంటే ఏ రంగు రాయాలో దేనికదే ఉంటుందట. ఎముకలు కొరికే చలికి ఆకుపచ్చ, కాస్త తగ్గితే నీలం, మంచు మెత్తబడితే ఎరుపు. అన్ని చలులనీ కలిపి నేను ఒకే ముద్ద చేసేశాను. తిట్టినా బాగుండును. తిట్టలేదు. మీసాలాయన పుస్తకం తీసి పెన్సిలు తడుపుకుంటుంటే లేచి నిలబడి, "ఏర్పాట్లు నావి. అన్నీ సరిచూసుకోవాల్సింది నేను. తప్పు నాది" అంది. నాకు ఒళ్ళు మండింది. నా తప్పుని ఇంకొకళ్ళు ఎత్తుకుపోతుంటే ఊరుకుంటానా? "ఆమెది కాదు. తోమింది నేను, కరిగించింది నేను. రాసుకోండి" అన్నాను. ఆయన ఇద్దరి మాటలూ రాసుకున్నాడు.

గడ్డం మాత్రం ఆశ వదల్లేదు. ఆ ముద్దనే తీసుకుని తన స్కీలకి గట్టిగా పట్టించాడు. ఈసారి వెనక్కి జారలేదు. ముందుకీ కదల్లేదు. అడుగు ఎత్తినప్పుడల్లా మంచు పెళ్ళలు అంటుకుని, నాలుగడుగులు వేసేసరికి రెండు కాళ్ళకీ ముక్కాలిపీటలు కట్టుకున్నట్టు జానెడు ఎత్తు పెరిగి, "నేను పొడుగయ్యాను!" అని అరుస్తూ పక్కకి ఒరిగిపోయాడు. అందరూ నవ్వారు. పొడుగుపిల్ల నవ్వలేదు. అట్ట మంచులో పెట్టి దాని ముందు కూలబడింది. పదీ ఇరవై దగ్గర ఆగిపోయిన ఆ రంగురంగుల గీతల్ని చూస్తూ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. గది పోయిందన్న సంగతి ఆ పిల్ల మొహంలో తెలిసిపోతోంది. నాకు ఓదార్చడం చేతకాదు. ఇప్పటికీ చేతకాదు.

"ఏడిస్తే అవి కూడా గడ్డకడతాయి, లే" అన్నాను. "ఆయన ఏమన్నాడు? ఎంతమంది వెళ్తే అంతమంది రావాలన్నాడు. స్కీల మీదే ఎక్కాలన్నాడా? దేవుడు కాళ్ళిచ్చాడు. ఆ బద్దలు భుజాన వేసుకోండి. స్లెడ్లు లాగండి. గిన్నె చల్లారిపోతోంది."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, అట్ట మీద 'స్కీయింగ్' కొట్టేసి 'నడక' అని రాసింది. ఇరవై మందీ భుజాల మీద బద్దలు పెట్టుకుని, కావళ్ళు మోసేవాళ్ళలాగా బారుగా కొండెక్కారు. మీసాలాయన తనవి తనే మోసుకున్నాడు. గిన్నెని స్లెడ్‌కి కట్టి గడ్డం లాగాడు. కర్రల ఇంట్లో పొయ్యి రాజేసి, తాడు కట్టి, నేను మొదట చేసిన పని తడి మేజోళ్ళు విప్పించి ఆరేయడం. తరవాతే తిండి. పులిహోర గడ్డకట్టలేదు, అందులో నూనెకి నేను పొదుపు చేయలేదు. "ఇందులో నూనె మాత్రం ఉండొచ్చా బాస్?" అన్నాడు గడ్డం నోటినిండా కుక్కుకుని. చారు తాగిన మీసాలాయనకి కళ్ళల్లోంచీ ముక్కులోంచీ నీళ్ళు ధారలు. ఫ్లాస్కు ముందుకు జరిపి, మాట పెగలక, వేలితో ఇంకొంచెం అని చూపించాడు.

మధ్యాహ్నమంతా స్లెడ్ల మీద జారడమే. నేను గిన్నె కడిగి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆఖర్న అందరూ కిందికి చేరాక పైన నేనూ పొడుగుపిల్లా మిగిలాం. "నడిచి దిగితే గంట పడుతుంది. బస్సు వెళ్ళిపోతుంది" అంది. (అబద్ధం. నాకు తరవాత తెలిసింది.) చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, గిన్నె కావలించుకుని కూర్చున్నాను. వెనకాల ఆమె. తోసింది. ఆ తరవాత కొండా ఆకాశమూ చోట్లు మార్చుకున్నాయి. మంకీ టోపీ కళ్ళ మీదికి జారింది. ఎవరో పెద్దగా అరిచారు, కొండంతా మోగింది. నేను కాదు. కింద ఉన్నవాళ్ళంతా నేనేనంటారు, ఆ సంగతి వదిలేయండి. గిన్నె మూత మాత్రం ఊడలేదు.

బస్సు దగ్గర లెక్క. మీసాలాయన కాగితం పట్టుకుని ఒక్కొక్క వస్తువూ చదువుతుంటే, నేను గుర్తులు చూపించి సంచుల్లో వేస్తున్నాను. మనుషులు సరి. గడ్డం సరి. (రెండుసార్లు చూశాం.) స్కీలు, కర్రలు, స్లెడ్లు సరి. చేతిజోళ్ళు, తాడిచెట్టు, దువ్వెన, కుండ, ఒక్కటి తగ్గలేదు. అప్పుడాయన తన చేతిజోళ్ళు విప్పుతూ లోపలి గుర్తు చూశాడు. రెండువైపులా కిందికి వంగిన చీపురు. ఒకసారి నన్ను చూసి సంచీలో వేశాడు. కాగితంలో చివరి వరస మిగిలింది.

"వ్యాక్స్. పన్నెండు."

పొడుగుపిల్ల కళ్ళు మూసుకుంది. నేను కొంగు ముడి విప్పి, పొద్దున గడ్డం దగ్గర లాక్కుని దాచిన ఆ ముద్ద ఆయన అరచేతిలో పెట్టి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని అన్నాను. "ఆల్ ట్వెల్వ్. ఇన్‌సైడ్. నాట్ వన్ లాస్ట్."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన ఎర్ర చార ఒకటి, కింద నీలం మచ్చ ఒకటి కనిపిస్తున్నాయి. వెలుతురుకి ఎత్తి చూశాడు. ముందు చీపురు ఒక కొస కదిలింది. తరవాత రెండో కొస. తరవాత ఆయన బస్సుకి ఆనుకుని, చారు తాగినప్పటికన్నా ఎక్కువగా కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. పెన్సిలు తీసి పన్నెండు పక్కన టిక్కు కొట్టాడు.

గది నిలబడింది. మడతకుర్చీలు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. సోమవారం నేను తాళం తీసేసరికి కొత్త మైనం పెట్టె ఒకటి ఉంది, మూత మీద ఎర్రదారంతో ఒక గుర్తు కుట్టిన గుడ్డ అతికించి ఉంది. తాళంచెవి బొమ్మ, దాని మీద అడ్డంగా పెద్ద గీత. నాకు చదవడం రాదేమోనన్న బెంగ లేకుండా, నా భాషలోనే చెప్పింది పొడుగుపిల్ల, నువ్వు దీని జోలికి రావద్దు అని. కుట్టు మాత్రం అధ్వాన్నం. విప్పి మళ్ళీ సరిగ్గా కుట్టి పెట్టాను. చదువైపోయి ఊరు వదిలి వెళ్తూ ఆ పిల్ల నడుం వంచి నన్ను కావలించుకుని, పాత ముద్దని నా చేతిలో పెట్టి, "ఇది ఏ చలికీ పనికిరాదు బాస్, నువ్వే ఉంచుకో" అంది.

పనికిరాకపోవడమేమిటి? ఇన్నేళ్ళుగా వాడుతూనే ఉన్నాను. బిగుసుకుపోయిన సొరుగులకి, సూట్‌కేసు జిప్పులకి, దారం సూదిలోకి ఎక్కనప్పుడు దాని కొసకి. మొన్న మనవరాలు ప్రయాణానికి జాకెట్టు తీసి జిప్పు లాగితే సగంలో ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇది బ్రోక్ అయింది. నేను కొత్తది ఆర్డర్ చేసేస్తా" అని అప్పుడే ఫోను తీసింది. "చెయ్యి విరుగుతుంది, అది అక్కడ పెట్టు" అని, పెట్టెలోంచి ముద్ద తెచ్చి జిప్పు పళ్ళకి రెండుసార్లు రాశాను. సర్రున మెడ దాకా పోయింది.

"వావ్! ఏంటిది?"

"మైనం. అందులో పన్నెండు ముక్కలున్నాయి."

"నాకు ఒకటే కనిపిస్తుంది."

"ఆ మాట మీసాలాయనతో చెప్పకు" అన్నాను. పక్క కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తకుండానే, "ఇంకా ఉందా ఆ ముద్ద? జిప్పుకి రాయొచ్చో లేదో ఎవరినైనా అడిగావా?" అన్నారు. ఇన్నేళ్ళయినా ఆయనకి ఆ రోజు భోజనం అరగలేదు.

ఇప్పుడది నిమ్మకాయంత మిగిలింది. మనవరాలు వెళ్ళాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. దేవదారు బంక వాసన, అడుగున ఎక్కడో కాస్త వంటనూనె. రెండింతల బూట్లేసుకుని, ఊరందరికీ బుద్ధులు చెబుతూ, ఎవరినీ ఒక్క మాట అడగకుండా ఇరవై జతల స్కీలు తోమేసిన ఆ పిల్ల ఒక్క క్షణం కళ్ళముందు కనిపించింది. ఇప్పుడు నా దగ్గరికి వస్తే గట్టిగా నాలుగు చివాట్లు పెట్టి, ఇంకో స్వెట్టరు తొడిగి పంపుతాను. ఇంకో సంగతి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మనవరాలికి కూడా చెప్పకండి. ఆ రోజు కొండ దిగుతున్నప్పుడు అరిచింది నేనే. గిన్నె ఒడిలో లేకపోతే ఇంకోసారి పైకెక్కేదాన్ని కూడా.